ఫోన్‌లో తెలుగు బైబిల్: ఏ యాప్ పెట్టుకోవాలి, ఏ పుస్తకానికి డబ్బు పెట్టాలి

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వచ్చేసరికి నా చేతిలో రెండు మూడు ఫోన్లు ఉంటాయి. "బాబూ, ఇందులో బైబిల్ పెట్టు" అని ఒక పెద్దావిడ ఇస్తారు. "అన్నా, స్టడీకి మంచి యాప్ ఏదైనా చెప్పవా" అని యూత్‌లో ఒక తమ్ముడు అడుగుతాడు. మా సంఘ కాపరి అయ్యగారేమో వ్యాఖ్యానాలు కొనాలి, ఎక్కడ కొంటే మంచిదంటారు. మొదట్లో అందరికీ ఒకే యాప్ పెట్టి పంపించేవాడిని. ఒకసారి ఆ పెద్దావిడ మరుసటి వారమే ఫోన్ పట్టుకుని మళ్లీ వచ్చారు. "ఇందులో మన బైబిల్ లేదు బాబూ, మాటలన్నీ వేరేగా ఉన్నాయి" అన్నారు.

ఆవిడ ఫోన్‌లో నేను పెట్టినదీ బైబిలే. కానీ ఆవిడ యాభై ఏళ్లుగా కంఠతా పట్టిన మాటలు అందులో లేవు. అప్పటినుంచి ఎవరడిగినా ముందు అనువాదం సంగతి చూస్తాను, యాప్ సంగతి తర్వాత.

మీ సంఘంలో చదివేది ఏది?

తెలుగు ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువ చోట్ల బల్ల మీద ఉండేది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పరిశుద్ధ గ్రంథము. ఓల్డ్ వెర్షన్ అనీ, పొట్టిగా ఓ.వి. అనీ అంటారు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" అని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేవాళ్లంతా ఈ అనువాదంతో పెరిగినవాళ్లే. యాప్‌లో వెతికేటప్పుడు "తెలుగు బైబిల్" అన్న పేరు చూసి ఆగిపోకండి. పేరు పక్కన ఓ.వి. అని, లేదా బి.ఎస్.ఐ. అని ఉందేమో చూడండి. ఇంకా తేలికైన పద్ధతి, 23వ కీర్తన తెరిచి చూడటం. "లేమి" అన్న మాట కనిపిస్తే అది మీ అమ్మమ్మ బైబిలే. ఆ చోట "లోటు", "కొరత" లాంటి మాటలుంటే వాడుక భాషలోకి మార్చిన కొత్త అనువాదం అన్నమాట.

కొత్తవాటిలో నేను ఎక్కువగా వాడేది ఇండియన్ రివైజ్డ్ వెర్షన్, అంటే ఐ.ఆర్.వి. ఇది 2019లో వచ్చింది. వాక్యాలు ఇప్పటి తెలుగుకు దగ్గరగా ఉంటాయి, అయినా ఓ.వి. అలవాటున్నవాళ్లకు మరీ కొత్తగా అనిపించదు. దీనికి ఇంకో మంచి గుణం ఉంది. దీన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం పేరు చెప్పి, అదే లైసెన్సుతో ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, పంచవచ్చు. సండే స్కూల్ పిల్లలకు వాక్యం కార్డులు వేసేవాళ్లకు ఇది పెద్ద ఊరట. బిబ్లికా వారి తెలుగు సమకాలీన అనువాదం కూడా ఇలాంటి లైసెన్సుతోనే దొరుకుతుంది. పవిత్ర బైబిల్ అన్న పేరుతో ఉండే ఈజీ టు రీడ్ అనువాదంలో వాక్యాలు ఇంకా చిన్నవి, మాటలు ఇంకా తేలిక. చదవడం ఈమధ్యే నేర్చుకున్నవాళ్లకు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లకు నేను పెట్టి ఇచ్చేది అదే.

ఒక ఉదాహరణ చెబుతాను. యోహాను 3:16 ఓ.వి.లో ఇలా ఉంటుంది: "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను. కాగా ఆయన తన అద్వితీయకుమారునిగా పుట్టిన వానియందు విశ్వాసముంచు ప్రతివాడును నశింపక నిత్యజీవము పొందునట్లు ఆయనను అనుగ్రహించెను." చదువుతుంటే ఎంత గంభీరంగా ఉంటుందో! కానీ ఐదో తరగతి పిల్లవాడు "కాగా" దగ్గర మొదలుపెట్టి "అనుగ్రహించెను" దాకా వచ్చేసరికి ఎవరు ఎవరిని ఇచ్చారో మర్చిపోతాడు. "అద్వితీయ అంటే ఏంటి అన్నా?" అని మా క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే నా సలహా, ఒకటి కాదు రెండు అనువాదాలు పెట్టుకోండి. ఆరాధనలో అందరితో కలిసి చదవడానికి ఓ.వి., ఇంట్లో అర్థం చేసుకోవడానికి ఐ.ఆర్.వి. రెండూ ఉచితమే.

కేథలిక్ కుటుంబాల వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. ఓ.వి.లో ఉండేవి 66 పుస్తకాలు. కేథలిక్ బైబిల్‌లో 73. తోబీతు, మక్కబీయులు లాంటి పుస్తకాలు కావాలంటే విషయసూచిక తెరిచి, అవి ఉన్నాయో లేదో చూసుకున్నాకే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఉచిత యాప్‌లలో ఏది ఎవరికి?

అనువాదం తేలిపోతే యాప్ ఎంచుకోవడం సులువు. యూవెర్షన్ బైబిల్ యాప్ 2008లో మొదలైంది. దాన్ని నడిపేది అమెరికాలోని లైఫ్ చర్చ్. ప్రకటనలు ఉండవు, ఏదీ కొనమని అడగదు. తెలుగులో పైన చెప్పిన అనువాదాలు ఉన్నాయి, తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన పెట్టి చదివే సదుపాయం ఉంది. అమెరికాలో పెరుగుతున్న మా అక్క పిల్లలకు ఈ సదుపాయం చాలా ఉపయోగపడింది. ప్రతి శనివారం వీడియో కాల్‌లో అమ్మమ్మ తెలుగులో ఒక వచనం చదువుతుంది, వాళ్లు ఇంగ్లీషులో తర్వాతి వచనం చదువుతారు. ఇద్దరి ముందూ రెండు భాషలూ ఉంటాయి కాబట్టి ఎవరూ వెనకబడరు.

ఈ యాప్‌లో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ప్రతి అనువాదాన్నీ నెట్ లేకుండా చదవడం కుదరదు. ప్రచురణకర్త అనుమతి ఇచ్చినవాటికే డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. సిగ్నల్ అందని ఊళ్లో గృహ కూటానికి వెళ్తున్నారంటే, ఇంట్లో ఉండగానే ఆ గుర్తు నొక్కి దించుకోవాలి. అక్కడికి వెళ్లాక తెల్లటి స్క్రీన్ మీద గుండ్రంగా తిరిగే చక్రం చూస్తూ నిలబడితే ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు బాగా తెలుసు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో పూర్తిగా నెట్ లేకుండా చదవాలంటే ఆండ్‌బైబిల్ మంచిది. ఓపెన్ సోర్స్, ప్రకటనలు లేవు, అకౌంట్ అడగదు. మొదటి రోజు కొంచెం తికమకగా ఉంటుంది, ఎందుకంటే యాప్ ఖాళీగా వస్తుంది, కావలసిన అనువాదాలు మనమే ఎంచుకుని దించుకోవాలి. ఆ పది నిమిషాలు ఓపిక పడితే చాలు. యాప్‌లే వద్దనుకునేవాళ్లు ఈబైబిల్ డాట్ ఆర్గ్ అన్న సైట్‌లో ఐ.ఆర్.వి. తెలుగు బైబిల్‌ను ఈపబ్ అనే ఈబుక్ ఫైల్‌గా తీసుకుని, గూగుల్ ప్లే బుక్స్‌లోకి ఎక్కించుకోవచ్చు.

ఇక ప్లే స్టోర్‌లో "తెలుగు బైబిల్" అని కొడితే వరసగా డజన్ల కొద్దీ వస్తాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, కాదనను. కానీ ఎవరు తయారుచేశారో తెలియనివి చాలా ఎక్కువ. ఒకసారి మా స్త్రీల సమాజంలో ఒక అక్క కీర్తన చదువుతూ పేజీ జరపగానే ఫోన్ నిండా ఆటల ప్రకటన వచ్చి, పాట మోగింది. పాపం ఆవిడ ఆ రోజు నుంచి ఫోన్‌లో చదవడమే మానేశారు. ప్రార్థన మధ్యలో ఎవరికీ అలాంటి ఇబ్బంది రాకూడదు. బైబిల్ చదివించే యాప్‌కు మీ కాంటాక్టులతో, మీరు ఎక్కడున్నారన్న వివరంతో పనేమీ లేదు. అవి అడిగితే వెంటనే తీసేయండి. ఓ.వి. అని రాసి ఉన్నా అనువాదం హక్కుదారు ఎవరో ఎక్కడా చెప్పని యాప్‌ను కూడా నేను పెట్టను. అలాంటివాటిలో వచనాలు ఎగిరిపోయినా, అక్షరాలు తప్పుగా పడినా సరిచేసేవాళ్లు ఉండరు.

వెతకడం రాక వదిలేసేవాళ్లు

"యాప్‌లో వెతికితే ఏమీ రావట్లేదు" అని చాలామంది అంటారు. తప్పు యాప్‌ది కాదు. ఓ.వి. భాషే వేరు. మనం "విశ్వాసం" అని టైప్ చేస్తాం, అందులో ఉండేది "విశ్వాసము". మనం "ప్రేమించాడు" అంటాం, అక్కడ "ప్రేమించెను". పైగా మాటలు కలిసిపోయి ఉంటాయి, "అద్వితీయకుమారునిగా" లాగా. కాబట్టి మాట చివర వదిలేసి మొదటి భాగం మాత్రమే కొట్టండి: "విశ్వాస", "ప్రేమించ", "నిరీక్షణ". అప్పుడు బారులు తీరి వస్తాయి. యాప్‌ను పరీక్షించడానికి కూడా నేను ఇదే చేస్తాను. సగం మాట కొడితే ఏమీ చూపించని యాప్ ప్రసంగం సిద్ధం చేసుకునేవాళ్లకు పనికిరాదు.

చదవలేనివాళ్లకు

చూపు తగ్గినవాళ్లు, చదువు రానివాళ్లు మన సంఘాల్లో తక్కువేమీ కాదు. ఫెయిత్ కమ్స్ బై హియరింగ్ సంస్థ వారి బైబిల్ డాట్ ఈజ్ యాప్‌లో తెలుగు ఆడియో ఉచితంగా వినవచ్చు, దించుకోవచ్చు కూడా. ఆడియో ఫైళ్లు అక్షరాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి, కాబట్టి వైఫై ఉన్నచోట ఒక్కో పుస్తకం చొప్పున దించండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు ఉన్నాయి. వారానికి ఐదు వింటే సరిగ్గా ఏడాదిలో పూర్తవుతుంది. మా పెద్దమ్మ పొద్దున్న పప్పు పొయ్యి మీద పెట్టి ఒక అధ్యాయం వింటుంది. స్మార్ట్‌ఫోన్ అస్సలు పట్టుకోలేనివాళ్లకు యాప్ నేర్పాలని చూడకండి. బటన్ నొక్కితే మాట్లాడే ఆడియో బైబిల్ పెట్టెలు క్రైస్తవ పుస్తకాల షాపుల్లో అమ్ముతారు. షాపులోనే ఆన్ చేయించి, తెలుగు స్పష్టంగా వినబడుతోందో లేదో చూసి కొనండి.

తెలుగు ఈబుక్ కొనేముందు

బైబిల్ వాక్యానికి డబ్బు పెట్టనక్కర్లేదు. డబ్బు పెట్టవలసింది వ్యాఖ్యానాలకు, ధ్యాన పుస్తకాలకు, జీవిత చరిత్రలకు. మోసపోయేది కూడా ఇక్కడే.

రెండేళ్ల క్రితం ఒక ఆన్‌లైన్ దుకాణంలో తెలుగు వ్యాఖ్యానం పీడీఎఫ్ ఒకటి కొన్నాను. ధర మరీ ఎక్కువేమీ కాదు, అట్ట బొమ్మ బాగుంది. తెరిచి చూస్తే పాత పుస్తకాన్ని స్కాన్ చేసిన పేజీలు. కొన్ని పక్కకు ఒరిగి ఉన్నాయి, అంచుల్లో అక్షరాలు తెగిపోయాయి. ఫోన్‌లో చదవాలంటే ప్రతి వరుసకూ పేజీని ఎడమకీ కుడికీ లాగాలి. బైబిల్‌లోని రోమా పత్రిక మీద పది పేజీలు అలా చదివేసరికి కళ్లు మండాయి. డబ్బు వెనక్కి ఇవ్వమని రాస్తే జవాబు రాలేదు.

స్కాన్ కాకపోయినా ఇంకో చిక్కుంది. తెలుగు ప్రచురణకర్తలు చాలా ఏళ్లపాటు అను ఫాంట్లతో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పుస్తకాలు కట్టారు. ఆ ఫాంట్లు యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ తెలుగును తెలుగుగా గుర్తుపట్టే పద్ధతి, కావు. కంటికి చక్కటి తెలుగే కనిపిస్తుంది, కానీ కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లీషు గుర్తులు. అలాంటి పీడీఎఫ్‌లో "కృప" అని వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. అక్షరం పెద్దది చేయమంటే పేజీ మొత్తం పెద్దదై స్క్రీన్ దాటిపోతుంది.

అందుకే కొనేముందు ఒకే ఒక్క పరీక్ష చేయండి. శాంపిల్ పేజీలు ఇస్తారు కదా, అందులో ఒక మాట మీద వేలు నొక్కి పట్టుకోండి. ఆ మాట ఎంపికైతే కాపీ చేసి ఎవరికైనా పంపే మెసేజ్ పెట్టెలో అతికించండి. తెలుగులోనే వచ్చిందా, ధైర్యంగా కొనండి. గీతలు వచ్చినా, అసలు ఎంపికే కాకపోయినా అది బొమ్మో పాత ఫాంటో అన్నమాట. అప్పుడు అదే పుస్తకం అచ్చులో కొనుక్కోవడం మేలు. శాంపిల్ ఇవ్వని చోట నేను కొనను. రెండు రకాలు ఉంటే పీడీఎఫ్ కంటే ఈపబ్ తీసుకోండి, అందులో అక్షరం సైజు మన ఇష్టం.

అమెజాన్ వారి ఈబుక్ మెషిన్ కిండిల్ సంగతి చాలామంది అడుగుతారు. 2016 డిసెంబరులో అమెజాన్ భారతీయ భాషల కిండిల్ పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. ఇది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. తెలుగు కోసం మాత్రం కిండిల్ మెషిన్ కొనకండి. ఇంగ్లీషు పుస్తకాలు ఎక్కువ చదివేవాళ్లయితే అది మంచి వస్తువే, కళ్లకు హాయిగా ఉంటుంది. కానీ దాన్ని ఆరాధనలో బైబిల్‌గా వాడాలనుకుంటే ఇబ్బంది పడతారు. అయ్యగారు హబక్కూకు 3:17 అన్నాక మీరు పుస్తకం, అధ్యాయం, వచనం ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్లేలోపు ఆయన చదవడం అయిపోతుంది. కిండిల్‌కు ధ్యాన పుస్తకాలు, జీవిత చరిత్రలు బాగుంటాయి, అంటే మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదివేవి.

ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. కిండిల్‌లో మనం కొనేది చదువుకునే హక్కునే. 2025 ఫిబ్రవరిలో అమెజాన్, కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించుకునే పద్ధతిని తీసేసింది. పది కాలాలు దాచుకుని పిల్లలకు ఇవ్వాలనుకునే పుస్తకమైతే అచ్చులోనే కొంటాను.

వాక్యం బోధించేవాళ్లకు

లోగోస్ అనే బైబిల్ స్టడీ సాఫ్ట్‌వేర్ గురించి సెమినరీలో చదివినవాళ్లు గొప్పగా చెబుతారు. నిజంగానే గొప్పది. ఒక వచనం మీద నొక్కితే మీ దగ్గరున్న వ్యాఖ్యానాలన్నీ ఆ వచనం దగ్గర తెరుచుకుంటాయి. కానీ అది ఇంగ్లీషు ప్రపంచం, ధరలు డాలర్లలో ఉంటాయి, 2024 అక్టోబరు నుంచి పెద్ద సదుపాయాలు చందా పద్ధతిలోకి వెళ్లాయి. చిన్న సంఘం కాపరి జీతంలోంచి నెలనెలా అది కట్టడం భారం. నేను చెప్పేది, ముందు ఉచిత యాప్ పెట్టుకోండి. ప్రతి నెలా వాళ్లు ఒక పుస్తకం ఉచితంగా ఇస్తారు, మర్చిపోకుండా తీసుకుంటూ ఉండండి. ఏడాదికి పన్నెండు పోగవుతాయి. ఆ తర్వాత కూడా ఇంకా కావాలనిపిస్తే అప్పుడు డబ్బు పెట్టండి.

గ్రీకు, హెబ్రీ మాటలు చూడటానికి కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్‌లో తయారైన స్టెప్ బైబిల్ అనే సాధనం ఉంది. పూర్తిగా ఉచితం. మా అయ్యగారికి నేను లాప్‌టాప్‌లో పెట్టి ఇచ్చింది ఇదే. ఇంగ్లీషు మాట మీద మౌస్ పెడితే దాని వెనక ఉన్న మూలపదం, అర్థం కనిపిస్తాయి. మొదటి రోజు ఆయన "కృప" అన్న మాటకు మూలం వెతుకుతూ రాత్రి పదకొండింటి దాకా కూర్చున్నారు.

పాత వ్యాఖ్యానాలకు, ప్రసంగాలకు అసలు డబ్బే ఇవ్వకండి. వ్యాఖ్యానకర్త మాథ్యూ హెన్రీ 1714లో, ప్రసంగీకుడు స్పర్జన్ 1892లో కన్నుమూశారు. వాళ్ల ఇంగ్లీషు రచనల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. అమెరికాలోని కాల్విన్ యూనివర్సిటీ నడిపే క్రిస్టియన్ క్లాసిక్స్ ఇథీరియల్ లైబ్రరీలో 1993 నుంచి అలాంటివి వందలకొద్దీ ఉచితంగా పెడుతున్నారు. అవే పుస్తకాలకు కొత్త అట్ట వేసి ఈబుక్ స్టోర్లలో అమ్ముతుంటారు. కొనే బటన్ నొక్కేముందు రచయిత ఏ కాలం మనిషో ఒక్కసారి చూడండి.

అయితే ఆ పుస్తకాల తెలుగు అనువాదాల లెక్క వేరు. అనువాదకుడికి తన హక్కు ఉంటుంది. మన దేశంలో ఆ హక్కు ఆయన జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. స్పర్జన్ పుస్తకం కదా అని ఇప్పుడు వచ్చిన తెలుగు అనువాదాన్ని స్కాన్ చేసి గ్రూపుల్లో పంచడం దొంగతనమే. ఇది కటువుగా అనిపించవచ్చు. కానీ తెలుగులో క్రైస్తవ పుస్తకాలు వేసేవాళ్లు ఎంత తక్కువ కాపీలతో నెట్టుకొస్తున్నారో పుస్తకాల షాపులో అడిగి చూడండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ నచ్చితే అచ్చు పుస్తకం ఒకటి కొనండి. కొనలేనివాళ్లు ఉంటే సంఘంలో నలుగురూ కలిసి కొని ఒకరి తర్వాత ఒకరు చదవండి.

పాటల పుస్తకం గురించి కూడా ఒక మాట. పురుషోత్తమ చౌదరి గారి లాంటి వారి పాత కీర్తనలు హక్కుల బెడద లేనివే. అందుకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల యాప్‌లు ఉచితంగా చాలా ఉన్నాయి. అక్కడ చూడవలసింది పాట నంబరు. మీ చర్చి పుస్తకంలోని పది పాటల నంబర్లు యాప్‌తో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. నంబరు తేడా వస్తే చర్చి అంతా ఒక పాట, మీరొక్కరే ఇంకో పాట అవుతుంది.

ఎవరి ఫోన్‌లో ఏం పెట్టినా, తిరిగి ఇచ్చేముందు నేను ఒక పని చేస్తాను. ఏరోప్లేన్ మోడ్ నొక్కి నెట్ మొత్తం ఆపేస్తాను. యాప్ మూసి మళ్లీ తెరుస్తాను. అక్షరం పెద్దది చేసి, ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి, 23వ కీర్తన వాళ్లనే తెరవమంటాను. ఆ పెద్దావిడకు రెండోసారి పెట్టినప్పుడు కూడా అంతే చేశాను. కళ్లజోడు సర్దుకుని, వేలితో మెల్లగా జరుపుకుంటూ వెళ్లి, "లేమి కలుగదు" అన్న చోట ఆగి, "ఇదీ మనది" అని ఫోన్ సంచిలో పెట్టుకున్నారు.